గంజి పారబోయకండి

విద్యార్థి సంఘం వారు సావనీరు కోసం ఏదైనా వ్రాసి పంపమని అడిగినప్పుడల్లా మా బోటి పూర్వ విద్యార్థులు చేసే పని ఒకటుంది. మా రోజుల్లో క్రమశిక్షణ ఎంత గొప్పగా ఉండేదో, మా లెక్చరర్లు ఎంతటి మహానుభావులో, మెస్సులో సాంబారు ఎంత పల్చగా ఉండేదో వ్రాసి పంపించడం. ఈ మూడింటి మీదా ఇప్పటికే చాలామంది చాలా వ్రాశారు. సాంబారు విషయంలో నేను కొత్తగా కలపగలిగిందేమీ లేదు, మరి కాసిని నీళ్లు తప్ప. అందుచేత ఈసారి నేను వంట గురించి వ్రాద్దామనుకుంటున్నాను. అదైనా గోంగూరో గుత్తివంకాయో కాదు. చికెన్ పాస్తా! అందులోనూ మీగడ పాస్తా. పెద్దవాళ్లు ముక్కు విరవకుండా కాస్త ఓపిక పట్టాలి. మొదటి పేజీలోనే ఇటలీ వెళ్లిపోయినా, మధ్యలో మజ్జిగ పులుసు దగ్గరికి వచ్చేస్తానని హామీ ఇస్తున్నాను.

నేను 1978–80 బ్యాచి, రసాయనశాస్త్రం ఎమ్మెస్సీ. ఆ తరువాత ఒక చిన్న ఊరి కాలేజీలో ముప్పై ఏళ్ల పైచిలుకు అదే రసాయనశాస్త్రాన్ని పిల్లల నెత్తిన రుద్దాను. మా ఆవిడ పోయాక వంట నా చేతికే వచ్చింది. మొదట్లో అన్నం, చారు. తరువాత పప్పు, పులుసు. మనిషి ఒంటరిగా వండుకునే వంటలో ఒక సుఖం, ఒక దుఃఖం ఉన్నాయి. బాగుండకపోతే అనేవాళ్లు లేరు. బాగుంటే అనేవాళ్లూ లేరు. 2022లో నా గుండెకి రెండు స్టెంట్లు వేశారు. డాక్టరుగారు నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరి అని వరసగా చదువుతూ ఉంటే, ఆయన నా పథ్యం చెబుతున్నారా లేక నా చిన్నప్పటి జ్ఞాపకాలు చెబుతున్నారా అని అనుమానం వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం అక్టోబరులో మా అమ్మాయి నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ఎడిసన్ ఊరు. అక్కడ మన కూరగాయలు, మన పప్పులు, మన పచ్చళ్లు అన్నీ దొరుకుతాయి. కరివేపాకు కూడా దొరుకుతుంది, కాకపోతే ఇక్కడ ఊరికే ఇచ్చేదాన్ని అక్కడ తూకం వేస్తారు.

ఇంట్లో మేము నలుగురం. అమ్మాయి, అల్లుడు, పన్నెండేళ్ల మనవరాలు, నేను. ఆ ఇంట్లో వారంలో మంగళవారం, శనివారం నీచు లేదు. బుధవారం మాత్రం చికెన్ వారం. అమ్మాయి ఉద్యోగం నుంచి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. ఏడున్నరకి పిల్ల ఈత క్లాసుకి వెళ్లాలి. ఈ గంటలోనే వండాలి, తినాలి, కడగాలి, బయలుదేరాలి. అక్కడి వాళ్లు గడియారాన్ని చేతికి కాదు, మెడకి కట్టుకుంటారని నాకనిపించింది. అంచేత బుధవారం సాయంత్రం దారిలో ఉన్న హోటలు నుంచి ఒక అట్టపెట్టె వచ్చేది. దాన్నిండా తెల్లగా, చిక్కగా, గోరువెచ్చగా మీగడ పాస్తా. అది పిల్లకి. మాకు ముగ్గురికీ అన్నం, చారు, ఒక కూర. నాకు ప్రత్యేకంగా నూనె లేని సొరకాయ. ఒకే కప్పు కింద రెండు మూడు హోటళ్లు నడుస్తున్నట్టుండేది.

ఇంతవరకూ బాగానే ఉంది. పెట్టె తెచ్చుకోవడం నేరమేమీ కాదు. కానీ రెండో బుధవారం నుంచి ఆ పిల్ల తన పళ్లెం పట్టుకుని మేడమీద గదిలోకి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. ఫోను కోసమేమో అనుకున్నాను. కాదట. వాళ్లమ్మని అడిగితే అసలు సంగతి చెప్పింది. “మీకు అది పడదని దానికి తెలుసు నాన్నా. మీ ఎదురుగా తింటే మీకు ఆశ పుడుతుందని దాని భయం. నాలుగో క్లాసప్పుడు మీ ఆపరేషను సంగతి విని మూడు రోజులు ఏడ్చింది, మీకు చెప్పలేదంతే.”

ఆ మాట విన్న తరువాత నాకు సొరకాయ దిగలేదు. నాకూ ఆ పిల్లకీ మధ్య భాష అంతంత మాత్రం. దాని తెలుగు మూడు మాటలు: “తాతయ్యా, తిన్నావా? బావున్నావా? బై!” నా ఇంగ్లీషు దానికి పాఠ్యపుస్తకంలా వినబడుతుంది. ఇక మేమిద్దరం ఎదురెదురుగా కూర్చునే చోటు ఒక్క భోజనాల బల్ల. నేను అక్కడుండేది మార్చి దాకా. లెక్కవేస్తే ఇరవై చిల్లర బుధవారాలు. అందులో రెండు అప్పటికే మేడెక్కిపోయాయి.

రసాయనశాస్త్రం చదువుకున్నవాడికి ఇలాంటప్పుడు తోచేది ఒకటే, శత్రువు ఏ ధాతువులతో తయారయ్యాడో చూడడం. అమ్మాయి దగ్గర ఆ పాస్తా ఇంట్లో చేసే పద్ధతి ఒకటి అట్టముక్క మీద వ్రాసి ఉంది. నలుగురికి రెండు కప్పుల హెవీ క్రీము, అర కడ్డీ వెన్న, వంద గ్రాముల పార్మెజాన్ చీజు. ఈ హెవీ క్రీము అనే దానిలో కొవ్వు కనీసం 36 శాతం ఉండాలని అమెరికా నిబంధన. మన గేదె పాలలో ఉండేది ఆరేడు శాతం. అంటే ఇది పాలకి మనవడు, నెయ్యికి మేనల్లుడు. కప్పు క్రీములో కొవ్వు 86 గ్రాముల దాకా ఉంటుంది. రెండు కప్పులకి 172. వెన్నలో 46, చీజులో 28. మొత్తం 246 గ్రాములు. నలుగురికి పంచితే మనిషికి అరవై పైన. ఇందులో ముప్పాతిక దాకా కాకపోయినా, మూడింట రెండు వంతులకి పరువుగా సంతృప్త కొవ్వు కిందికే వస్తుంది. అమెరికా గుండెజబ్బుల సంఘం వారి సలహా ప్రకారం రెండు వేల కేలరీలు తినే మనిషికి రోజంతటికీ ఆ రకం కొవ్వు పదమూడు గ్రాములు మించకూడదు. అంటే ఒక్క పళ్లెం పాస్తా తింటే మూడు రోజుల రేషను ఒక పూటలో అయిపోయినట్టు! నా సంగతి సరే, మన దక్షిణాసియా వాళ్లకి గుండెజబ్బులు మిగతా వాళ్లకంటే ఎక్కువగా, చిన్న వయసులోనే వస్తాయని తేలింది కదా. మా అల్లుడికి నలభై రెండు, ఆయన రక్తపరీక్ష కాగితం నేను చూశాను. ఆ కాగితం గురించి ఇంతకంటే వ్రాస్తే ఆయనకి కోపం వస్తుంది.

ఇక్కడొక పిట్టకథ. ఈ తెల్ల పాస్తాకి అమెరికాలో ఆల్‌ఫ్రెడో అని పేరు. ఆల్‌ఫ్రెడో డి లేలియో అని రోము నగరంలో ఒక హోటలాయన ఉండేవాడు. 1908లో ఆయన భార్య బాలింతగా ఉండి, అన్నం సహించక నీరసించిపోతే, ఆవిడ చేత నాలుగు ముద్దలు తినిపించడానికి రిబ్బను లాంటి పాస్తాలో వెన్న, చీజు కలిపి పెట్టాడని వాళ్ల కుటుంబం వారు చెప్పే కథ. 1920లో హాలీవుడ్ నటులు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ పెళ్లి చేసుకుని రోము వెళ్లి అది తిని మెచ్చుకున్నారు. దాంతో ఆ పేరు అమెరికా చేరింది. చిత్రమేమంటే అసలు వంటలో క్రీము చుక్క కూడా లేదు, చికెనూ లేదు! వెన్న, చీజు, పాస్తా ఉడికించిన నీళ్లు, అంతే. క్రీము సముద్రం దాటాక వచ్చి చేరింది. మన ఉప్మా కాలేజీ హాస్టలు చేరేసరికి జీడిపప్పు పోయి నీళ్లు చేరినట్టే, వంటలకి కూడా ఊరు మారితే స్వభావం మారుతుంది. వాళ్లది పెరిగింది, మనది తరిగింది. నాకు ఈ కథలో నచ్చింది బాలింత సంగతి. అది మొదట పథ్యం వంటే అన్నమాట. కనుక దాన్ని మళ్లీ పథ్యంలోకి దింపితే తప్పేమీ లేదని నాకు ధైర్యం వచ్చింది.

మూడో బుధవారం అమ్మాయి ఓ ప్రయత్నం చేసింది. క్రీము బదులు కొవ్వు తీసిన గ్రీకు పెరుగు. గ్రీకు పెరుగంటే భయపడకండి. పెరుగుని గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే నీరు కారిపోయి మిగిలేది. దాన్ని తీసుకెళ్లి కుతకుత ఉడుకుతున్న మూకుట్లో వేసింది. ఒక్క నిమిషంలో మొత్తం విరిగి, నీళ్లు వేరు, గడ్డలు వేరు అయి కూర్చుంది. అమ్మాయి ముఖం చూస్తే జాలేసింది. పొద్దుట నుంచి ఆఫీసులో నిలబడి వచ్చిన మనిషి. “తక్కువ కొవ్వుతో ఇది కుదరదు నాన్నా,” అంది.

“మీ అమ్మ మజ్జిగ పులుసు ఏనాడైనా విరిగిందా?” అన్నాను.

అమ్మాయి ఆలోచించింది. “లేదు.”

“ఎందుకు విరగలేదు?”

“శనగపిండి కలిపేది.”

అదీ సంగతి! మజ్జిగ పులుసుకి శనగపిండో, బియ్యప్పిండో కలిపేది చిక్కదనానికని మనవాళ్లు అనుకుంటారు. చిక్కదనం సగం మాత్రమే. పెరుగులో ఉండే మాంసకృత్తులు పులుపు, వేడి రెండూ కలిసేసరికి ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. పిండి వేడి నీళ్లలో ఉబ్బి, జిగురై, ఆ రేణువుల మధ్య అడ్డుపడుతుంది. పెళ్లిపందిట్లో తగాదా పడే ఇద్దరు బంధువుల మధ్య ఓ లావుపాటి మేనమామని కూర్చోబెట్టినట్టు. హెవీ క్రీముకి ఈ బాధ లేదు. దానిలో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ కావడం చేత ఎంత మరిగించినా విరగదు. అందుకే హోటళ్ల వాళ్లకి అదంటే అంత ఇష్టం. తెలివి అక్కర్లేకుండా చిక్కదనం వస్తుంది. కొవ్వు తీసేస్తే ఆ స్థానంలో పిండి రావాలి, కాస్త తెలివి రావాలి. ఈ సూత్రం మన ఆడవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. వినాయక చవితికి పాలతాలికలు చేసేటప్పుడు కాసిని పాలలో బియ్యప్పిండి జారుగా కలిపి పోయడం ఎవరు నేర్పారు? ఆ మాటకొస్తే పాలతాలికలు మన మీగడ పాస్తా కాక మరేమిటి? బెల్లం వేస్తామంతే తేడా.

ఆ మరుసటి బుధవారానికి నేను రంగంలోకి దిగాను. షరతు ఒక్కటే, నాకో సహాయకురాలు కావాలి. పిల్లని కిందికి పిలిచాను. “నాకు పాస్తా రాదు, నీకు వచ్చు. నువ్వు చెప్పు, నేను చేస్తాను,” అని ఇంగ్లీషులో అన్నాను. తనకి కూడా రాదు, తినడమే వచ్చు. కానీ ఆ మాట చెప్పడానికి పన్నెండేళ్ల వాళ్లకి పౌరుషం అడ్డం వస్తుంది. ముక్కాలి పీట లాంటి ఎత్తు కుర్చీ లాక్కుని పొయ్యి పక్కన కూర్చుంది.

ఇక వంటలోకి వస్తాను. నలుగురికి పావుకిలో పాస్తా చాలు. సగం పెన్ను ములుకులా కోసిన గొట్టాలుంటాయి, పెన్నే అంటారు, అది తీసుకున్నాం. పాస్తా అంటే మరేమీ కాదు, డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వని తడిపి, తొక్కి, ఆకారాలు చేసి ఎండబెట్టినది. మన సేమ్యాకి పెదనాన్న. ఎముక లేని కోడి రొమ్ము మాంసం అరకిలోకి కాస్త తక్కువ. రొమ్ము ముక్కలో కొవ్వు తక్కువ, అంచేత ఎక్కువసేపు ఉంచితే పీచులా తయారవుతుంది. దానికి విరుగుడు, ముక్కని పుస్తకం తెరిచినట్టు అడ్డంగా రెండు రేకులుగా కోసి, ఉప్పు, మిరియాలపొడి రాసి, చెంచాడు నూనె వేసిన వేడి మూకుట్లో ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కదపకుండా కాల్చడం. కదపకుండా! ఇదొక్కటే నా సహాయకురాలికి కష్టమైంది. చికెన్ లోపల 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చేరితే తినడానికి భద్రమని అక్కడి ప్రభుత్వం వారి మాట. ఆ ఇంట్లో గుచ్చి చూసే థర్మామీటరు ఉంది. పిల్ల దాన్ని డాక్టరులా గుచ్చి అంకె చదివింది. అక్కడి అంకెల్లో 165. తీసి పక్కన పెట్టి, చల్లారే లోపల మిగతా పని చూశాం.

మూకుడు అడుగున ఎర్రగా ఒక పొర అంటుకుని ఉంటుంది. దాన్ని గీకి పారేసేవాళ్లని నేను క్షమించను. రుచంతా అందులోనే ఉంది. అందులోనే చిన్న చెంచా వెన్న (అవును, వెన్నే, పూర్తిగా మానేస్తే వాసన రాదు, ఒక చెంచాలో నాలుగు గ్రాముల కొవ్వు, నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఒక్క గ్రాము), నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు పుట్టగొడుగులు. పుట్టగొడుగుల నీరు ఇగిరాక ఒకటిన్నర పెద్ద చెంచాల మైదా చల్లి, పచ్చివాసన పోయేదాకా ఒక నిమిషం వేయించాలి. ఎర్రబడకూడదు. అప్పుడు ఒకటిన్నర కప్పుల పాలు, సగం వెన్న తీసినవి. ఒక్కసారి పోస్తే ఉండలు కడతాయి. కొద్దికొద్దిగా పోస్తూ తిప్పుతూ ఉండాలి. ఉప్మాకి రవ్వ పోసేటప్పుడు ఒకరు పోస్తే ఒకరు తిప్పినట్టు. ఇక్కడే మా ఇద్దరి మధ్య భాష మొదలయింది.

“పొయ్యి,” అన్నాను. పోసింది. “ఆగు.” ఆగింది. “తిప్పు. ఇంకాస్త పొయ్యి. తిప్పు, తిప్పు, అడుగంటుతుంది!”

“వాట్ ఈజ్ అడుగంటుతుంది?” అంది.

అడుగంటడానికి ఇంగ్లీషు మాట ఏమిటో నాకు వెంటనే తోచలేదు. గరిటెతో అడుగు గీకి చూపించాను. అర్థమయింది. అక్కడి నుంచి ఆ పూటంతా దేన్ని చూసినా “తాతయ్యా, అడుగంటుతుంది!” అని అరవడమే. ఈత క్లాసుకి ఆలస్యమవుతోందని వాళ్లమ్మ అరిస్తే కూడా “అమ్మా, అడుగంటుతున్నావ్!” అంది. వ్యాకరణం తప్పు గాని భావం తప్పు కాదు.

ఈలోగా పక్క పొయ్యి మీద పాస్తా ఉడుకుతోంది. అట్టపెట్టె మీద ఆరు లీటర్ల నీళ్లు పోయమని ఉంది. నేను రెండు లీటర్లే పోశాను, కావాలనే. పాస్తా ఉడుకుతుంటే అందులోని పిండిపదార్థం కొంత నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు తక్కువైతే ఆ నీరు చిక్కగా ఉంటుంది. మొదటి రెండు నిమిషాలూ అంటుకోకుండా కలిపితే సరిపోతుంది. ఉప్పు కూడా వాళ్లు చెప్పినంత వేయలేదు, గుండె మనిషికి ఉప్పు కూడా లెక్కే. పెట్టె మీద పదకొండు నిమిషాలని ఉంటే పది నిమిషాలకి ఒక గొట్టం తీసి కొరికి చూశాం. మధ్యలో సన్నగా పలుకు తగలాలి. అన్నం మెతుకు పట్టుకుని చూసినట్టే.

అప్పుడు వచ్చింది అసలు ఘట్టం. అల్లుడుగారు చిల్లుల గిన్నె తొట్టిలో పెట్టి, సాయం చేద్దామని పాస్తా వార్చబోయారు. “బాబూ, ఆగండి! గంజి పారబోయకండి!” అని నేను అరిచిన అరుపుకి పాపం ఆయన గిన్నె వదిలేయబోయారు. “ఏమిటి మావయ్యగారూ, ఈ నీళ్లా?” అన్నారు. నీళ్లే. కాని అవి మామూలు నీళ్లు కావు, గంజి. మా ఇంట్లో అన్నం వార్చిన గంజి పారబోయడం నేను చిన్నప్పుడు చూడలేదు. ఉప్పు వేసుకుని తాగేవాళ్లం, పశువులకి పెట్టేవాళ్లం, మా నాన్నగారి ఖద్దరు చొక్కాలకి పెట్టేవాళ్లం. హాస్టల్లో నాతో చదివిన మిత్రులిద్దరు ఉదయం గంజి తాగి బడికి వెళ్లి, అంతదాకా వచ్చినవాళ్లే. వాళ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పుకునేవారు కాదు, నాకు మటుకు చెప్పారు. ఇప్పుడు పెద్ద పెద్ద వంటవాళ్లు పాస్తా నీళ్లు దాచుకోండి, అదే రహస్యం అని చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. మన పేదింటి ఇల్లాలు ఏనాడూ దాన్ని రహస్యమనుకోలేదు.

ఒక గ్లాసుడు గంజి తీసి పక్కన పెట్టి, పాస్తా తెచ్చి పాల గుజ్జులో వేశాం. సన్నగా కోసిన చికెన్, రెండు గుప్పెళ్ల పాలకూర కూడా అందులోనే. పాలకూర చూసి పిల్ల మొహం చిట్లించింది గాని, తన చేత్తోనే వేయించాను కాబట్టి కాదనలేకపోయింది. గుజ్జు బిగుసుకుపోతుంటే గంజి కొద్దికొద్దిగా పోయాలి. అప్పుడు చూడాలి! అంతవరకూ పాలు పాలుగా, గొట్టాలు గొట్టాలుగా ఉన్నవి గంజి పడగానే ఒకటైపోయి పట్టులా మెరిశాయి. కొవ్వుని, నీటిని విడిపోకుండా పట్టి ఉంచేది ఆ పిండే. తరువాత పొయ్యి ఆర్పాలి. ఆర్పి ఒక నిమిషం ఆగాలి. అర కప్పు గ్రీకు పెరుగులో రెండు గరిటెల వేడి గుజ్జు వేసి చిలికి, అప్పుడు మూకుట్లో కలపాలి. చివర 40 గ్రాముల చీజు, సన్నగా తురిమి. చీజు కూడా మండే పొయ్యి మీద వేస్తే తీగలై ముద్దకడుతుంది. డబ్బాలో తురిమి అమ్మేది వద్దు. ఉండ కట్టకుండా దానికి పొడులు కలుపుతారు, అది సరిగా కరగదు. గడ్డ కొని తురుముకోవడమే మేలు. ఆపైన మిరియాలు దంచి, నిమ్మతొక్క కాస్త గీకి చల్లాం. కొవ్వు తగ్గిన చోట కాస్త పులుపు వాసన తగిలితే నాలుకకి లోటు తెలియదు.

శాకాహార మిత్రులకి ఒక మాట. చికెన్ తీసేసి పుట్టగొడుగులు రెట్టింపు చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. అసలు సిసలు ఇటలీ పార్మెజాన్‌ని దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. పట్టింపు ఉన్నవాళ్లు వృక్ష సంబంధమైన తోడుతో చేసిన చీజు అని డబ్బా మీద చూసి కొనుక్కోవాలి. అక్కడ మన వాళ్లిళ్లలో ఏళ్ల తరబడి తెలియక తింటున్నవారిని చూశాను. చెప్పడమా మానడమా అని తటపటాయించి చెప్పేశాను. ఇద్దరు నాతో మాట్లాడడం మానేశారు.

లెక్క మళ్లీ వేశాను. పాలలో ఏడు, నూనెలో పద్నాలుగు, వెన్నలో నాలుగు, చీజులో పదకొండు, పెరుగులో రెండున్నర. వెరసి 39 గ్రాములకి లోపు. మనిషికి పది. సంతృప్త కొవ్వు అయిదు గ్రాములు దాటదు. చికెన్‌లో స్వతహాగా ఉండేది మరికొంత. అరవై ఎక్కడ, పది ఎక్కడ! ఇది రుచిలో హోటలు పెట్టెకి సమానమని నేను అబద్ధం ఆడను. ఆ బరువు, ఆ నాలుకకి పట్టుకునే జిడ్డు దీనికి లేదు. మా అల్లుడు నాలుగు ముద్దలు తిని ఎండుమిరపకాయల పొడి తెచ్చుకున్నారు. కాని ఇది తిన్న తరువాత నిద్ర ముంచుకురాదు. ఈత కొట్టబోయే పిల్లకి ఆ మాత్రం చాలు.

ఆ రోజు ఏడు గంటలకి బల్ల మీద నాలుగు పళ్లాలు పెట్టాం. పిల్ల తన పళ్లెం ఎత్తుకుని మెట్ల వైపు చూసి, మళ్లీ నా పళ్లెం వైపు చూసింది. నా పళ్లెంలో కూడా అదే ఉంది, ఓ కప్పున్నర, మిగతా జాగాలో కీరా ముక్కలు. “నువ్వు ఇది తినొచ్చా?” అని వాళ్లమ్మని అడగమన్నట్టు చూసింది. అమ్మాయి కాగితం మీద నేను వేసిన లెక్క తీసి దాని చేతిలో పెట్టింది. పిల్ల లెక్కంతా చదివింది, లెక్కల్లో చురుకే. వెన్న దగ్గర నా కూడిక మళ్లీ తనే వేసి చూసుకుంది. తరువాత కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుంది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. మా అమ్మాయి మంచినీళ్ల కోసమని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ తరువాత పందొమ్మిది బుధవారాలు దొరికాయి. ప్రతి బుధవారమూ ఇదే కాదు. ఒకసారి ఎర్ర టమాటాలతో, ఒకసారి పుదీనాతో, ఒకసారి చికెన్ బదులు శనగలతో. కాని మీగడ పాస్తా అన్నప్పుడు మాత్రం గంజి వార్చే హక్కు పిల్లదే. వార్చు, వడగట్టు, చిలుకు, ఇగిరింది, విరిగింది, పలుకు, జారుగా, చిక్కగా... ఈ మాటలు దానికి వచ్చేశాయి. అమ్మమ్మ మజ్జిగ పులుసు గురించి అడిగింది, అమ్మమ్మ గురించి అడిగింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషులో చెప్పాను. మా ఆవిడని గురించి నేను అన్నిన్ని మాటలు ఎవరితోనూ మాట్లాడి ఉండలేదు, మూకుడు ముందు నిలబడి తిప్పుతూ ఉండడం చేత వీలయింది కాబోలు.

మిగిలితే ఏం చెయ్యాలి అని కొందరు ఆడపడుచులు అడిగారు. మర్నాటికి గుజ్జంతా గొట్టాలు పీల్చేసుకుని గట్టిపడుతుంది. రెండు చెంచాల పాలు పోసి, సన్నని సెగ మీద మూతపెట్టి వేడిచేయాలి. మరిగిస్తే పెరుగు విరిగే ప్రమాదం ఉంది.

మార్చి ఆఖరున తిరిగి వచ్చేశాను. ఏప్రిల్‌లో ఒక గురువారం తెల్లవారుజామున నాలుగు గంటలకి ఫోను మోగింది. వేళకాని వేళ మోగిన ఫోను తీసేటప్పుడు నా వయసు వాళ్లకి చెయ్యి వణుకుతుంది. తీస్తే వెనకాల మూకుడు చప్పుడు.

“తాతయ్యా, గంజి ఎంత పొయ్యాలి?”

“ఎలా ఉందిప్పుడు?”

“పప్పులా ఉంది.”

“ఒక గరిటె పొయ్యి. పప్పు కంటే పల్చగా, చారు కంటే చిక్కగా రావాలి.”

పోసింది. తిప్పిన చప్పుడు వినిపించింది. వెనక నుంచి వాళ్ల నాన్న ఏదో అడుగుతుంటే, “పారబోయలేదు, పారబోయలేదు!” అంటోంది.